పక్కటెముకలు అతుక్కుని పుట్టిన పాప: ముందు వీపు ఒంపు చూడాలా, ఊపిరి చూడాలా?

నంద్యాల అమ్మ (ఆదివారం, రాత్రి 10:42)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదువుతూ ఉంటాను గానీ రాయడం ఇదే మొదలు. మా పాపకు వచ్చే నెలలో రెండేళ్లు నిండుతాయి. పుట్టుకతోనే వెన్నుపూసలు కొన్ని సగమే ఏర్పడ్డాయి. ఎడమవైపు నాలుగు పక్కటెముకలు ఒకదానికొకటి అతుక్కుని ఒకే పలకలా ఉన్నాయి. కడుపులో ఉన్నప్పుడు తీసిన టిఫా స్కాన్ బాగానే ఉందన్నారు. పుట్టిన మూడో నెలలో నెమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చినప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఈ సంగతి బయటపడింది.

ఇప్పుడు వీపు ఒంపు 58 డిగ్రీలు. ఇద్దరు ఎముకల డాక్టర్లకు చూపించాం. ఒకరు "పదేళ్లు రానివ్వండి, అప్పుడు రాడ్లు వేసి నిలబెడదాం, ఇప్పుడు తొందరేమీ లేదు" అన్నారు. రెండోవారు "ఆ పూసలను ఇప్పుడే కలిపి అతికించేస్తే ఒంపు అక్కడితో ఆగిపోతుంది" అన్నారు. ఇద్దరూ పేరున్నవాళ్లే, ఇద్దరూ ఓపికగానే మాట్లాడారు. మాకే ఏ దారి పట్టాలో తెలియడం లేదు.

బయటికి వస్తుంటే అక్కడ శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి ఫిల్ములు కవరులో పెట్టి ఇస్తూ "వీపు సంగతి సరేనండీ, ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించారా?" అని అడిగింది. అప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. పాప బరువు 8.6 కిలోలు. రెండు ముద్దలు తినేసరికి అలిసిపోతుంది. జలుబు చేస్తే చాలు, డొక్కలు ఎగరేస్తుంది. గ్రహణం రోజు నేను బయటికి వచ్చానని, అందుకే ఇలా అయిందని మా అత్తగారు అంటారు. ఎముకలు సర్దుకుంటాయని రోజూ నలుగు పెట్టేటప్పుడు ఆ పక్క గట్టిగా నొక్కుతారు. పాప ఏడుస్తుంది.

ఎవరిని ఏమడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాపు (ఆదివారం, రాత్రి 11:15)

కంగారు పడవద్దు తల్లీ. మా తమ్ముడి కొడుక్కి చిన్నప్పుడు రొమ్ము పావురానికి ఉన్నట్టు ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. ఈత నేర్పించాం. ఒళ్లు వచ్చాక కనిపించకుండా పోయింది. ఇప్పుడు పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. పిల్లల ఎముకలు లేతవి, పెద్దవాళ్లు నలుగు పెడితే మంచే జరుగుతుంది. దేవుడి మీద భారం వేసి ఆగండి.

సుజాత, విశాఖ (సోమవారం, ఉదయం 6:50)

నేను పిల్లల ఫిజియోథెరపిస్టును. పాతకాపు గారూ, మీ తమ్ముడి గారి అబ్బాయిది రొమ్ము మధ్య ఎముక ముందుకు రావడం. అక్కడ పక్కటెముకలన్నీ విడివిడిగా ఉంటాయి, గాలి పీల్చినప్పుడు పైకి లేస్తాయి. ఈ పాపకు ఒక పక్క నాలుగు ఎముకలు ఒకటై బిగుసుకుపోయాయి. రెండూ ఛాతీకి సంబంధించినవే అయినా ఒకదాని అనుభవం రెండోదానికి పనికిరాదు.

నంద్యాల అమ్మ గారూ, ముందుగా ఆ నొక్కడం ఆపించండి. అతుక్కున్న ఎముకను చేత్తో ఎవరూ విడదీయలేరు. పిల్లకు నొప్పి, అంతే. అత్తగారితో మీరు తగువు పడవద్దు, తరువాతిసారి డాక్టరు దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లి ఆయన నోటితోనే చెప్పించండి. మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఇదే బాగా పనిచేస్తుంది.

ఇక ఈ రాత్రే మీరు చేయగలిగిన పని ఒకటుంది. పాప గాఢంగా నిద్రపోయాక, జ్వరం గానీ జలుబు గానీ లేనప్పుడు, పొట్ట మీద చూపు నిలిపి పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించవద్దు, పిల్లల ఊపిరి నిమిషంలోనే మారిపోతుంటుంది. మూడు రాత్రుల లెక్క రాసి ఉంచండి. ఏడాది దాటిన పిల్లల్లో మెలకువగా ఉన్నప్పుడే నిమిషానికి 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వేగం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నిద్రలో ఇంకా బాగా తక్కువ ఉండాలి.

నంద్యాల అమ్మ (మంగళవారం, రాత్రి 9:30)

లెక్కపెట్టాను సుజాత గారూ. రెండు రాత్రులూ 44, 46 వచ్చాయి. జలుబు లేదు. మా ఆయన కూడా విడిగా లెక్కపెట్టారు, అంతే వచ్చింది. ఇది ఎక్కువేనా?

డాక్టర్ వి., పిల్లల ఊపిరితిత్తుల విభాగం (మంగళవారం, రాత్రి 11:58)

ఎక్కువే. ఇక్కడ వైద్యం చేయడం నా ఉద్దేశం కాదు, కానీ ఈ వారంలోనే పిల్లల ఊపిరితిత్తుల నిపుణులకు చూపించండి. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, డ్యూటీలో ఉన్నాను, మధ్యలో ఆగి రాస్తున్నాను.

బిడ్డ పుట్టేనాటికి ఊపిరితిత్తులు సగం కట్టిన ఇల్లు కూడా కాదు. గాలి గదులు అప్పటికి కొన్ని కోట్లే ఉంటాయి, పెద్దయ్యేసరికి 30 కోట్లు దాటతాయి. ఆ పెరుగుదలలో పెద్ద వాటా మొదటి రెండేళ్లలో జరుగుతుంది. తరువాత నెమ్మదిస్తూ ఎనిమిదేళ్ల దాకా సాగుతుందని పుస్తకాల్లో ఉంది, ఆ తరువాత కూడా కొంత ఉంటుందని ఈ మధ్య పరిశోధనలు చెబుతున్నాయి. ఛాతీ లోపలి చోటు సంగతి చూడండి. పుట్టినప్పుడు పెద్దవాళ్ల ఛాతీలో సుమారు 6 శాతం, అయిదేళ్లకు 30 శాతం, పదేళ్లకు 50 శాతం. అంటే "పదేళ్లు రానివ్వండి" అన్న ఆ పదేళ్లే ఊపిరితిత్తులు పెరిగే కాలం. గూడు పెరగకపోతే లోపలి ఊపిరితిత్తి పెరగడానికి చోటుండదు. పద్నాలుగేళ్లకు వీపు ఎంత చక్కగా నిలబెట్టినా ఆ పోయిన చోటులో కొత్త గాలి గదులు రావు.

అయితే ఇప్పుడే అతికించేయడం మంచిదా అంటే, అక్కడా ఇదే చిక్కు. వెనకటి రోజుల్లో, వంకరగా పొడుగ్గా ఉండటం కంటే పొట్టిగా తిన్నగా ఉండటం మేలని చిన్న వయసులోనే పూసలను అతికించేవారు. ఎక్స్‌రే బాగుండేది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఊపిరి పరీక్షలు చేస్తే ఎంతోమందిలో సామర్థ్యం సగానికి పడిపోయి కనిపించింది. ఛాతీ పూసలు పన్నెండూ కలిపి ఎత్తు పుట్టినప్పుడు 11 సెంటీమీటర్లు, అయిదేళ్లకు 18, పెద్దయ్యాక 26 నుంచి 28 ఉంటుంది. ఆ ఎత్తు 18 దగ్గరే ఆగిపోయినవారిలో తీవ్రమైన ఊపిరి లోటు మిగిలిపోతుందని 2008లో ఒక అమెరికన్ బృందం ప్రచురించింది. మీ పాపది ఇంకా 18 కూడా ఉండదు.

కాబట్టి మీకు చెప్పిన రెండు దారులూ ఒంపును చూసి చెప్పినవి. మీ పాప విషయంలో మొదటి ప్రశ్న, ఛాతీ ఊపిరిని మోయగలుగుతోందా, ఊపిరితిత్తిని పెరగనిస్తోందా అన్నది. అది చేయలేని స్థితికి థొరాసిక్ ఇన్‌సఫిషియెన్సీ సిండ్రోమ్ అని పేరు. అతుక్కున్న పక్కటెముకలు, పుట్టుకతో వచ్చిన వెన్ను వంకర కలిసి ఉన్న పిల్లల్లో ఇది ఎలా ఉంటుందో 2003లోనే విడమరిచి రాశారు.

కమ్మరి కొలిమితిత్తికి ఒక పక్క పలకను మేకులతో బిగించేస్తే రెండో పక్కే మొత్తం గాలి ఆడించాలి. పాప చేస్తున్నది అదే. రోజంతా ఆ శ్రమకే తిన్నది ఖర్చయిపోతుంది. రెండేళ్ల ఆడపిల్ల సగటు బరువు పదకొండున్నర కిలోలు. మీ పాప 8.6 ఉందంటే తిండి పెట్టడంలో లోపమని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. ఊపిరికి సాయం దొరికాక బరువు పెరిగిన పిల్లలను చాలామందిని చూశాను.

అడగవలసినవి: రాత్రి నిద్రలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ కొలిచే నిద్ర పరీక్ష. ఆక్సిజన్ ఒక్కటే చూసి బాగుందనుకోకూడదు, అది చివరగా పడుతుంది. గుండెకు ఎకో, మూత్రపిండాలకు స్కాన్, వెన్నుపాముకు ఎమ్మారై. పూసలు, గుండె, మూత్రపిండాలు గర్భంలో దాదాపు ఒకే వారాల్లో రూపం దిద్దుకుంటాయి, అందుకని ఒకచోట తేడా ఉంటే మిగతావీ చూడాలి. ఆ వారాలన్నీ గర్భం మొదటి రెండు నెలల్లోనే. గ్రహణం మాట ఎత్తినవారికి ఈ వాక్యం చదివి వినిపించండి.

కరీంనగర్ శ్రీనివాస్ (బుధవారం, ఉదయం 7:20)

డాక్టరు గారికి దండాలు. మా బాబుది పుట్టుకతో వచ్చినది కాదు, పూసలన్నీ మామూలుగానే ఉన్నాయి. పది నెలల వయసులో వీపు ఒక పక్కకు వంగడం మొదలైంది. మాకు పిండికట్టు వేశారు. మెడ కింద నుంచి నడుము దాకా, పొట్ట దగ్గర ఊపిరి ఆడటానికి పెద్ద కిటికీ కోసి. మత్తు ఇచ్చి, చట్రం మీద పడుకోబెట్టి, వంకరను కొంచెం కొంచెం తిప్పుతూ వేస్తారు. రెండు మూడు నెలలకోసారి విప్పి కొత్తది వేయాలి. మే నెలలో మా ఊరి ఎండకు ఆ కట్టుతో పిల్లవాడు పడిన బాధ చెప్పలేను. కూలరు ముందు నుంచి కదలనిచ్చేవాళ్లం కాదు, తడిగుడ్డను చెంచా కాడకు చుట్టి లోపల తుడిచేవాళ్లం. కానీ 44 డిగ్రీలు ఉన్నది 9కి వచ్చింది. నంద్యాల అక్కయ్య గారి పాపకు కూడా కట్టు వేస్తే సరిపోదా?

డాక్టర్ వి. (బుధవారం, మధ్యాహ్నం 1:05)

శ్రీనివాస్ గారూ, మీ బాబుకు చేసినది లండన్‌లో మిన్ మెహతా గారు దారి చూపిన పద్ధతి. పక్కటెముక పూసతో చేసే కోణం రెండు వైపులా 20 డిగ్రీలకు మించి తేడాగా ఉంటే ఒంపు పెరిగే అవకాశం ఎక్కువని ఆవిడ 1972లోనే చెప్పారు. 2005లో 136 మంది పిల్లల ఫలితాలు ప్రచురించారు. త్వరగా మొదలుపెట్టిన పిల్లల్లో పెరుగుదలే వంకరను సరిచేసింది. పూసలు మామూలుగా ఉన్నాయి గనుక అది సాధ్యపడింది.

సగం ఏర్పడిన పూసలకు, అతుక్కున్న పక్కటెముకలకు కట్టు అలా పనిచేయదు. కొందరిలో సర్జరీని కాస్త వెనక్కి నెట్టడానికి వాడతారు. నిద్రలో 46 సార్లు ఊపిరి తీస్తున్న పాప ఛాతీ చుట్టూ కట్టు బిగించాలంటే నేనైతే వందసార్లు ఆలోచిస్తాను.

ఎడిసన్ నాన్న (బుధవారం, రాత్రి 8:45)

మాది గుంటూరు, ఇప్పుడు న్యూజెర్సీలో ఎడిసన్. మా అబ్బాయిది అచ్చం మీ పాప పరిస్థితే, కుడి వైపు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో వెప్టర్ వేశారు. పెరుగుతున్న కొద్దీ పొడిగించగలిగే టైటానియం పక్కటెముక అది. అతుక్కున్న పక్కటెముకల మధ్య అడ్డంగా కోసి, ఆ పక్క ఛాతీని విప్పి, విప్పిన చోటు మళ్లీ మూసుకోకుండా ఆ లోహపు కమ్మీని నిలువుగా పెడతారు. పిల్లవాడు పెరుగుతుంటే ఆరు నెలలకోసారి చిన్న కోతతో దాన్ని పొడిగిస్తారు.

దీని కథ మాకు అక్కడి నర్సు చెప్పింది. 1987లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక పక్క పక్కటెముకలు లేక వెంటిలేటరు మీద ఉన్న పసివాడి కోసం పిల్లల సర్జన్ మెల్విన్ స్మిత్, ఎముకల సర్జన్ రాబర్ట్ క్యాంప్‌బెల్ కలిసి, విరిగిన ఎముకలకు వాడే ఉక్కు పుల్లలతోనే ఛాతీ గోడ కట్టారు. దాన్నుంచే ఈ టైటానియం ఎముక పుట్టింది, 1989లో మొదటిసారి అమర్చారు. అమెరికా ప్రభుత్వ అనుమతి 2004లో గానీ రాలేదు. క్యాంప్‌బెల్ గారు తరువాత ఫిలడెల్ఫియాకు వచ్చి ఈ పిల్లల కోసమే ఒక కేంద్రం నడిపారు, 2018లో చనిపోయారు.

మా వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. క్రికెట్ ఆడతాడు, పరుగెత్తితే త్వరగా అలిసిపోతాడు గానీ ఆడతాడు. నంద్యాల అమ్మ గారూ, వెప్టర్ తప్ప వేరే దేనికీ ఒప్పుకోవద్దు.

వెన్నెముక సర్జన్, హైదరాబాద్ (బుధవారం, రాత్రి 11:30)

ఆఖరి వాక్యం దగ్గర ఆగండి సార్. మీ అబ్బాయి బాగున్నందుకు సంతోషం. కానీ "అది తప్ప వేరే దేనికీ ఒప్పుకోవద్దు" అని ఒక తల్లికి రాసేముందు మిగతా సగం కూడా చెప్పాలి కదా.

వెప్టర్ పైకొక్కెం పట్టుకునే పక్కటెముకను ఏళ్ల తరబడి కొరుక్కుంటూ పైకి జరుగుతుంది. సన్నగా ఉన్న పిల్లల్లో చర్మం చిట్లి చీము పడుతుంది. మళ్లీ మళ్లీ తెరిచిన ఛాతీ గోడ గట్టిపడుతుంది. అంటే చోటు పెంచడానికి పెట్టినదే కదలికను తగ్గించవచ్చు. వెన్నుకు పెట్టి, పిల్లలు పెరిగే కొద్దీ పొడిగించే మామూలు గ్రోయింగ్ రాడ్లకూ ఇబ్బందులు తక్కువేమీ కావు. 2010లో 140 మంది పిల్లల మీద వచ్చిన పరిశీలనలో, ప్రతి అదనపు ఆపరేషన్‌తో ఇబ్బందుల ముప్పు 24 శాతం పెరిగింది. పైగా పొడిగించే కొద్దీ వచ్చే పొడుగు తగ్గుతూ పోతుంది. మొదట్లో సులువుగా సాగిన వెన్ను తరువాత మొరాయిస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు పదేపదే, ఎక్కువసేపు మత్తు ఇవ్వడం గురించి అమెరికా ఔషధ సంస్థ 2016లో హెచ్చరిక కూడా ఇచ్చింది.

ఇన్ని ఆపరేషన్లు తప్పించాలనే అయస్కాంత రాడ్లు వచ్చాయి. బయట నుంచి యంత్రం పెట్టి కొన్ని నిమిషాల్లో పొడిగిస్తారు, మత్తు అక్కరలేదు. ఖరీదు సామాన్యులకు అందనిది. వాటిలోనూ లోహపు పొడి రాలడం, భాగాలు ఊడిపోవడం బయటపడి 2020లో బ్రిటన్‌లో కొంతకాలం వాడకం ఆపించారు.

వెప్టర్ చెడ్డదని నేను అనడం లేదు. పక్కటెముకలు అతుక్కున్న పిల్లలకే అది పుట్టింది, ఈ పాపకు అది పనికిరావచ్చు. కానీ పరికరం పేరు చివరి ప్రశ్న. ఈ పాపకు ఏ పక్క ఎంత కదులుతోందో ముందు తేలాలి. క్యాంప్‌బెల్ గారే ఒక తేలిక పరీక్ష నేర్పారు. వెనక నుంచి రెండు చేతులతో ఛాతీ కింది భాగం పట్టుకుని, బొటనవేళ్లు వెన్నుకు సమానదూరంలో ఉంచి, ఊపిరి పీల్చినప్పుడు అవి ఎంత జరుగుతాయో చూస్తారు. సెంటీమీటరు దాటి జరిగితే మామూలు. అసలు జరగకపోతే ఆ పక్క గోడ పని చేయడం లేదని, ఊపిరితిత్తుల కిందుండే కండరం ఒక్కటే లాగుతోందని అర్థం. దీనికి యంత్రం అక్కరలేదు, చొక్కా విప్పించి చూసే ఓపిక ఉంటే చాలు.

ఎడిసన్ నాన్న (గురువారం, ఉదయం 5:10)

సర్జన్ గారూ, మీరు చెప్పినవి కొన్ని మా వాడికీ జరిగాయి. ఒకసారి పైకొక్కెం జారి మళ్లీ పెట్టారు, ఒకసారి చీము పట్టింది. అయినా రెండేళ్ల వయసులో రాత్రిళ్లు ఆక్సిజన్ మీద ఉన్న పిల్లవాడికి ఇప్పుడు అది అక్కరలేదు. మా డాక్టరు మొదటి రోజే చెప్పారు, "ఊపిరి పరీక్షలో, ఆ ఎత్తుకు ఉండవలసినదానితో పోల్చి చెప్పే శాతం పెరుగుతుందని ఆశించకండి, ఎత్తుతోపాటు ఊపిరితిత్తి కూడా పెరిగి ఆ శాతం పడిపోకుండా నిలబడితే గెలిచినట్టే" అని. మా వాడిది నిలబడింది. నేను చూసినది చెప్పాను.

వెన్నెముక సర్జన్, హైదరాబాద్ (గురువారం, ఉదయం 8:00)

ఆ మాట చెప్పిన డాక్టరుకు నా నమస్కారాలు చెప్పండి.

ఇంటర్ రెండో సంవత్సరం (గురువారం, సాయంత్రం 6:15)

నాకు రొమ్ము మధ్యలో లోపలికి గుంట ఉంది. చొక్కా విప్పాలంటే సిగ్గు. ఈ చర్చ చదివాక భయం వేసింది. నాకూ ఊపిరితిత్తులు పెరగలేదా? ఆటల్లో అందరికంటే ముందు అలిసిపోతాను.

డాక్టర్ వి. (గురువారం, రాత్రి 9:40)

తమ్ముడూ, గుంట ఛాతీ ఉన్నవారిలో ఎక్కువమందికి ఊపిరితిత్తులు మామూలుగానే పెరుగుతాయి. లోతు ఎక్కువగా ఉన్నవారిలో గుండె కొంచెం ఒత్తుకుని పరుగులో అలసట రావచ్చు. సీటీలో ఛాతీ అడ్డం కొలతను, రొమ్మెముకకూ వెన్నుకూ మధ్య దూరంతో భాగిస్తారు. అది 3.25 దాటితే లోతైనదిగా లెక్కించి ఎకో, ఊపిరి పరీక్ష చేయిస్తారు. నువ్వు బాగా పొడుగ్గా, వేళ్లు సన్నగా పొడవుగా ఉంటే ఎకో తప్పకుండా చేయించుకో. అవసరమైతే డోనల్డ్ నస్ అనే సర్జన్ 1998లో ప్రచురించిన పద్ధతి ఉంది. రొమ్మెముక కింద వంచిన కమ్మీ దూర్చి, సుమారు మూడేళ్ల తరువాత తీసేస్తారు. సిగ్గు కూడా డాక్టరుకు చెప్పవలసిన లక్షణమే, దాచుకోవద్దు. దీని మీద వేరే చర్చ మొదలుపెట్టు, అక్కడ మాట్లాడుకుందాం.

నిర్వాహకుడు (గురువారం, రాత్రి 10:00)

గుంట ఛాతీ ప్రశ్నలు వేరే చర్చకు మార్చాం. ఇక్కడ నంద్యాల అమ్మ గారి విషయం కొనసాగించండి. మందుల అమ్మకం గురించి వచ్చిన రెండు సందేశాలు తొలగించాం. ఛాతీని పెంచే తైలం అంటూ ఏదీ లేదు.

లక్ష్మి (శుక్రవారం, మధ్యాహ్నం 3:25)

నేను ఒకే ఒక సంగతి చెప్పడానికి వచ్చాను. మా బాబుకు జ్యూన్ సిండ్రోమ్. పక్కటెముకలన్నీ చిన్నవి, ఛాతీ గొట్టంలా సన్నగా, పొట్ట మాత్రం పెద్దగా. ఏడో నెలలో మాకు దక్కలేదు. మాది మేనరికం. ఇద్దరిలోనూ దాగి ఉన్న లోపం కలిస్తే ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం ఉంటుందని హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు విభాగం వారు కాగితం మీద గీసి చూపించారు. అంతకుముందు అందరూ నా జాతకం చూశారు గానీ రక్తం ఎవరూ చూడలేదు.

రెండో కాన్పులో ముందుగానే పరీక్ష చేయించుకున్నాం. పాప ఆరోగ్యంగా ఉంది. నంద్యాల అమ్మ గారూ, మీ పాపది ఈ జబ్బు కాదని నాకు అర్థమవుతోంది. అయినా తరువాతి బిడ్డ గురించి ఆలోచన ఉంటే ఒకసారి జన్యు విభాగంలో మాట్లాడండి. ఇంట్లో వాళ్ల నోళ్లు మూయించడానికైనా పనికొస్తుంది.

డాక్టర్ వి. (శుక్రవారం, సాయంత్రం 5:50)

లక్ష్మి గారూ, మీరు వచ్చి రాసినందుకు కృతజ్ఞతలు.

చదువుతున్న మిగతావారికి ఒక్క మాట. లక్ష్మి గారి బాబుది వంశంలో దాగి వచ్చేది. బతికి పెద్దయిన పిల్లల్లో మూత్రపిండాలు, కంటి రెటీనా కూడా దెబ్బతినవచ్చు గనుక అవి చూస్తూ ఉండాలి. నంద్యాల పాపలో ఉన్న సగం పూసలు, అతుక్కున్న పక్కటెముకలు చాలావరకు ఆ ఒక్క బిడ్డకే పరిమితం, తరువాతి కాన్పులో మళ్లీ రావడం అరుదు. ఒక పక్కే ఉండటం కూడా అదే సూచిస్తోంది. వెన్నంతా, రెండు పక్కలా ఉంటే మాత్రం లెక్క వేరు.

పాతకాపు (శుక్రవారం, రాత్రి 7:30)

మా ఊళ్లో ఒక పిల్లవాడికి డొక్కల కింద గాడిలా పడి, రొమ్ము పక్కన పూసల వరుసలా బుడిపెలు ఉన్నాయి. కాళ్లు కూడా వంకర. అతన్నీ ఈ సర్జన్ల దగ్గరికే పంపాలా?

సుజాత, విశాఖ (శుక్రవారం, రాత్రి 8:15)

లేదు పాతకాపు గారూ, మీరు చెప్పిన గుర్తులు రికెట్స్‌వి. ముందు పిల్లల డాక్టరుకు చూపించి రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి, మణికట్టు ఎక్స్‌రే చూడాలి. మెత్తబడ్డ పక్కటెముకలు గాలి పీల్చినప్పుడు లోపలికి లాక్కుపోతాయి. ఈ పిల్లలకు నెమ్ము వస్తే తేలిగ్గా వదలదు. అయితే ఇది మందుతో మళ్లేది, చాలామందిలో ఛాతీ తిరిగి గట్టిపడుతుంది. ఆలస్యం చేయకుండా మీరే తీసుకెళ్లండి, మీ మాట ఆ ఇంట్లో వింటారు కదా.

నంద్యాల అమ్మ (మరుసటి మంగళవారం, రాత్రి 9:05)

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాం. సర్జన్ గారు చెప్పిన బొటనవేళ్ల పరీక్ష ఆయన చొక్కా విప్పించి మా ముందే చేశారు. కుడి వేలు జరిగింది, ఎడమ వేలు అసలు కదల్లేదు. మా అత్తగారు కళ్లారా చూశారు. ఇంటికి వచ్చాక నలుగు పెట్టారు గానీ ఆ పక్క చెయ్యి ఆనించలేదు.

ఎకో బాగుంది. ఒక మూత్రపిండం పుట్టుకతోనే లేదట. ఉన్న ఒక్కటీ బాగా పనిచేస్తోందని చెప్పారు. నిద్ర పరీక్ష వచ్చే సోమవారం. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటే ఆపరేషన్ వరకు రాత్రిపూట మాస్కుతో గాలి పెట్టే యంత్రం ఇస్తారట. ఆ తరువాత ఊపిరితిత్తుల డాక్టరు, వెన్నెముక సర్జన్, మత్తు డాక్టరు ముగ్గురూ కూర్చుని మాట్లాడతామన్నారు. ఇన్నాళ్లూ ఒకరి గది నుంచి ఇంకొకరి గదికి ఫైలు మేమే మోశాం.

ఇప్పుడు నా ప్రశ్న డబ్బు గురించి. మా ఆయన ఆటో నడుపుతారు. మాకు తెల్ల రేషను కార్డు ఉంది. ఇలాంటివాటికి ఎక్కడ అడగాలి? ఇంకా ఆపరేషన్ దాకా ఇంట్లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

కరీంనగర్ శ్రీనివాస్ (మంగళవారం, రాత్రి 9:50)

అక్కయ్య గారూ, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేముందే ఆ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, డాక్టరు రాసిన చికిత్స ఆ పేరుతో ప్రభుత్వ వైద్య పథకంలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. తేదీ ఇచ్చాక పరుగులు పెడితే కుదరదు. ఒక చికిత్స పేరుతో లేదంటే ఇంకో పేరుతో ఉండవచ్చు, ఆ సంగతి సర్జన్ దగ్గర పనిచేసే గుమస్తాకే బాగా తెలుస్తుంది. అంగన్‌వాడీకి వచ్చే పిల్లల ఆరోగ్య పరీక్ష బృందం ఉంటుంది, 2013 నుంచి కేంద్రం నడుపుతున్న బాల స్వాస్థ్య కార్యక్రమం కింద. పుట్టుకతో వచ్చిన లోపాలున్న పిల్లలను వాళ్లు జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి రాసి పంపుతారు. ఆ కాగితం ఉంటే పెద్దాసుపత్రిలో దారి సులువవుతుంది. వికలాంగుల ధ్రువపత్రానికి కూడా దరఖాస్తు పెట్టుకోండి, 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ప్రభుత్వ సాయాలకు అర్హత.

డాక్టర్ వి. (బుధవారం, ఉదయం 6:30)

ఇంట్లో చేయవలసినవి చెబుతాను. నిమోనియా టీకాలు అన్నీ పడ్డాయో లేదో కార్డు చూడండి, 2021 నుంచి అవి ప్రభుత్వ టీకాల్లోనే ఉచితంగా ఉన్నాయి. ఫ్లూ టీకా ఏటా వేయించాలి, మీకూ మీ ఇంట్లో వాళ్లకూ కూడా. దీనికి మాత్రం డబ్బు పెట్టుకోవలసి రావచ్చు. ఇంట్లో కట్టెల పొయ్యి, అగరుబత్తి పొగ, బీడీ ఏవీ పాప ఉన్న గదిలో వద్దు. అన్నం ఒక్కసారే ఎక్కువ పెట్టకండి, పొట్ట నిండితే దాని పైన, ఊపిరితిత్తుల కింద ఉండే కండరం కదలడానికి చోటుండదు. కొంచెం కొంచెంగా ఆరేడుసార్లు, నెయ్యి, పప్పు, గుడ్డు, నువ్వులుండ వంటి బలమైనవి. బరువు ఎంత పెరిగితే ఆపరేషన్ తరువాత చర్మం అంత బాగా మానుతుంది. సర్జన్ గారు చెప్పిన చీము భయం ఎక్కువగా బక్కపిల్లల్లోనే.

మూత్రపిండం ఒక్కటే గనుక నొప్పి మాత్రలు, ఆకుమందులు ఎవరు ఇచ్చినా అడగకుండా వేయవద్దు. ఏ కొత్త డాక్టరుకైనా మొదటి మాటగా ఈ విషయం చెప్పండి.

ఆ ముగ్గురూ కూర్చున్నప్పుడు మీరు అడగవలసినది నాకు తోచినంతలో ఇది: "ఈ ఆపరేషన్‌తో ఎడమ ఊపిరితిత్తికి ఎంత చోటు వస్తుంది, అది మీకు ఎలా తెలుస్తుంది, ఎన్నాళ్లకోసారి చూస్తారు?" ఒంపు ఎన్ని డిగ్రీలు తగ్గుతుందన్నది మీరు అడగకపోయినా చెబుతారు.

వెన్నెముక సర్జన్, హైదరాబాద్ (బుధవారం, ఉదయం 7:45)

నాదీ ఒకటి చేర్చండి. "మొత్తం ఎన్ని ఆపరేషన్లు పడతాయి, ఏ వయసు దాకా?" అని అడగండి. ఒక్కటే అని ఎవరైనా చెబితే రెండో అభిప్రాయం తీసుకోండి. పైపక్కన పరికరం పెట్టినప్పుడు చేతి నరాలు ఒత్తుకోకుండా ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గమనించే యంత్రం ఉందా అని కూడా. విసుక్కోకుండా జవాబు చెప్పే చోటే చేయించుకోండి.

పాపకు అయిదారేళ్లు వచ్చి ఊపిరి ఊదే పరీక్ష చేసేటప్పుడు ఎత్తు నిలబెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది. వంగిన వెన్ను ఎత్తును తగ్గిస్తుంది, ఊపిరి ఉన్నదాని కంటే బాగున్నట్టు కనిపిస్తుంది. చేతులు రెండూ చాపించి వేలి కొస నుంచి వేలి కొస దాకా కొలవమనండి.

నంద్యాల అమ్మ (బుధవారం, ఉదయం 10:20)

అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. మా ఆయన ఆరోగ్యమిత్ర దగ్గరికి ఈరోజే వెళ్లారు. సోమవారం పరీక్షకు రాత్రంతా అక్కడే ఉండాలట. పాప తొట్టెలో తప్ప పడుకోదు, అక్కడ తొట్టె ఉండదు కదా, ఏం చేయాలి?

సుజాత, విశాఖ (బుధవారం, ఉదయం 10:55)

ఈ రాత్రి నుంచే మంచం మీద అలవాటు చేయండి. తొట్టెలో వీపు గుండ్రంగా ముడుచుకుంటుంది, ఈ పాపకు అది ఎలాగూ మంచిది కాదు. మీ పాత చీర మంచం మీద పరిచి దాని మీద పడుకోబెట్టండి, పక్కన మీరు ఉండండి. సోమవారం అదే చీర వెంట తీసుకెళ్లండి. ముక్కు దగ్గర, వేలికి తీగలు అతికిస్తారు, పాప పీకేస్తుంది, అందుకని మధ్యాహ్నం నిద్ర పోనివ్వకుండా, రాత్రి గాఢంగా పడుకున్నాక అతికించమని అక్కడి సాంకేతిక నిపుణుడిని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. నిద్ర మందు వేస్తామంటే మాత్రం వద్దని చెప్పి డాక్టరుకు ఫోను చేయండి. మందుతో ఊపిరి మందగిస్తుంది, పరీక్ష ఫలితమూ మారిపోతుంది.